నీలం ట్యాగు లేని విత్తనం: పెద్ద డేటాబేస్ కంపెనీలు, మనుషులు కలిసి కట్టుకున్న లినక్స్

ఈ ఎపిసోడ్ నిడదవోల్లో మా ఇంటి మేడ మీద రికార్డ్ చేస్తున్నాను. మధ్యలో రైలు కూత వినిపిస్తే ఏమీ అనుకోకండి. జంక్షన్ దగ్గర్లోనే మా ఇల్లు. భీమవరం వైపు లైను విడిపోయేది ఇక్కడే కదా, బళ్లు వస్తూనే ఉంటాయి.

ఇవాళ కొంచెం టెక్నికల్ చరిత్ర చెప్పుకుందాం. డబ్బులు పోసి కొనే డేటాబేస్, అంటే ఒరాకిల్, డీబీ2 లాంటివి. వాటిని డెబియన్, సెంటాస్ లాంటి లినక్స్ మీద పెడితే, అంటే ఏ కంపెనీ కాకుండా జనమే కలిసి కట్టుకున్న లినక్స్ మీద పెడితే, ఆ డేటాబేస్ కంపెనీ మనకి సపోర్ట్ ఇస్తుందా? ఒక్క ముక్కలో జవాబు కావాలంటే, చాలావరకు ఇవ్వదు. కానీ ఎందుకివ్వదు అన్నదానికి పాతికేళ్ల పైబడిన కథ ఉంది. ఆ కథలో నేను కూడా ఒక చిన్న తప్పు చేశాను. అది చివర్లో కాదు, ముందే చెప్పేస్తాను.

2019. బీటెక్ అయ్యి ఏడాది. హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక చిన్న సర్వీసెస్ కంపెనీలో పని. మా క్లయింట్ ఒక ఫ్యాక్టరీ. పేరెందుకు లెండి. నాలుగు వందల మంది పైచిలుకు పనివాళ్లు, వాళ్ల హాజరు, ఓవర్‌టైము, జీతాలు అన్నీ ఒకే సర్వర్‌లో. డేటాబేస్ ఒక పెద్ద కంపెనీది, లైసెన్సు కొన్నారు, ఏటా సపోర్ట్ డబ్బు కూడా కడుతున్నారు. కింద ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం సెంటాస్. ఉచితం కదా, అక్కడ మిగిలింది.

నెలాఖరు రోజు రాత్రి ఫ్యాక్టరీలో కరెంటు పోయింది. వచ్చాక డేటాబేస్ తెరుచుకోలేదు. ఫైల్లో ఏవో బ్లాకులు పాడయ్యాయని ఎర్రర్. నేను సపోర్ట్ టికెట్ పెట్టడానికి కూర్చున్నాను. మొదటి గడి: ఆపరేటింగ్ సిస్టమ్ ఏది? కింద ఒక లిస్టు. ఆ లిస్టులో సెంటాస్ లేదు.

మా టీమ్ లీడ్‌ని అడిగాను. "అన్నా, ఇక్కడ సెంటాస్ కనపడట్లేదు, ఏం పెట్టను?" ఆయన రెండో ఫోన్లో క్లయింట్‌తో మాట్లాడుతూనే చేత్తో సైగ చేశాడు, "రెడ్‌హ్యాట్ అని కొట్టెయ్ రా, రెండూ ఒకటే."

కొట్టేశాను.

మూడు గంటల తర్వాత అవతల ఇంజినీరు సిస్టమ్ వివరాల ఫైలు పంపమన్నాడు. పంపాను. అందులో సెంటాస్ అనే పేరు స్పష్టంగా ఉంది. ఇంకో గంటకి చాలా మర్యాదగా జవాబొచ్చింది. మీ సిస్టమ్ మా సర్టిఫైడ్ జాబితాలో లేదు, ఇదే సమస్యని సర్టిఫైడ్ సిస్టమ్ మీద మళ్లీ పుట్టించి చూపిస్తే ముందుకెళ్తాం అని. పాడైన బ్లాకుల్ని ఇంకో మెషీన్ మీద మళ్లీ ఎలా పుట్టిస్తామండి? అది అయ్యే పని కాదు.

ఈ కథ చివర ఏమైందో తర్వాత చెప్తాను. ముందు "రెండూ ఒకటే" అన్న మాట పట్టుకుందాం. అది నిజమేనా? నిజమే. అబద్ధం కూడా. ఎలాగో అర్థం కావాలంటే మా నాన్న వరి విత్తనం కథ చెప్పాలి.

మా గోదావరి జిల్లాల్లో స్వర్ణ అనే వరి రకం తెలియని రైతు ఉండడు. ఎంటీయూ 7029. ఎంటీయూ అంటే మార్టేరు. పశ్చిమ గోదావరి మార్టేరు పరిశోధన స్థానంలో పుట్టి 1982లో విడుదలైన రకం. ఆ విత్తనం రెండు దార్లలో దొరుకుతుంది. ఒకటి, సర్టిఫైడ్ బస్తా. దానికి నీలం రంగు ట్యాగు కుట్టి ఉంటుంది. లాట్ నంబరు, మొలక శాతం, ఏ తేదీ దాకా పనికొస్తుంది, అన్నీ దాని మీద ఉంటాయి. 1966 విత్తన చట్టం కింద వచ్చిన ఏర్పాటు అది. రెండోది, పక్క చేను రైతు కిందటి పంటలోంచి తీసి దాచిన విత్తనం. అదీ స్వర్ణే. అదే గింజ, అదే అన్నం.

ఒక సార్వాకి మా నాన్న ఆ రెండో రకం తెచ్చారు. ఆకుమడిలో సగం కూడా మొలవలేదు. నష్టం గురించి అడుగుదామని వెళ్తే, వెళ్లిన చోటల్లా ఒకటే మాట. "బిల్లుందా? ట్యాగుందా?" గింజ ఏ రకమని ఎవరూ అడగలేదు. మొలవకపోతే జవాబు చెప్పేవాడు ఎవరు అన్నదే ప్రశ్న. ట్యాగు అంటే ఆ జవాబుదారీ.

ఇంకో విషయం చూడండి. 2001లో మన దేశంలో మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం వచ్చింది. దాని ప్రకారం రైతు తన పొలంలో పండిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ చల్లుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వచ్చు, అమ్మొచ్చు కూడా. ఒక్కటే షరతు, బ్రాండ్ పేరు వేసి అమ్మకూడదు. ఇది గుర్తుపెట్టుకోండి. సెంటాస్ కథ కూడా అచ్చం ఇదే.

సరే, ఇప్పుడు 1998కి వెళ్దాం. మన తెలుగువాళ్లకి కంప్యూటర్ అనే మాట ఇంటింటికీ వచ్చిన ఏడాది అది. నవంబర్ 4న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రిజిస్ట్రేషన్ ఆఫీసుల్ని కంప్యూటర్లోకి తెచ్చే కార్డ్ ప్రాజెక్టుని 214 సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో మొదలుపెట్టింది. అదే నెల 22న హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ని ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ బోర్డులు మొదలైంది కూడా దాదాపు ఆ కాలంలోనే. ఆ బోర్డుల మీద ఏళ్ల తరబడి పెద్దక్షరాల్లో ఉన్న పేరు ఒరాకిల్. మా పెదనాన్నగారి అబ్బాయి పొలం కౌలు డబ్బులు పట్టుకుని వెళ్లి అక్కడ ఒరాకిల్ డీబీఏ నేర్చుకున్నాడు. ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. మీ ఇళ్లలో కూడా అలాంటివాళ్లు ఒకరైనా ఉంటారు.

అదే 1998 జులైలో, ఒకే నెలలో, ఇన్ఫార్మిక్స్, ఒరాకిల్ రెండూ మా డేటాబేస్ లినక్స్ మీద కూడా వస్తుందని ప్రకటించాయి. ఆ ఏడాది చివర్లోపే ఒరాకిల్ 8.0.5 లినక్స్ మీదకి వచ్చేసింది. అప్పటిదాకా పెద్ద డేటాబేస్ అంటే ఎక్కువగా సన్ కంపెనీ, హెచ్‌పీ, ఐబీఎం వాళ్ల ఖరీదైన యూనిక్స్ మెషీన్ల మీదే. 1991లో ఫిన్లాండ్‌లో ఒక విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ ఏడేళ్లలో ఆ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఇక్కడే మొదటి ముడి పడింది. లినక్స్ మీద అంటే, ఏ లినక్స్ మీద? సన్ వాళ్ల యూనిక్స్ ఒక్కటే ఉంటుంది. లినక్స్ అనేది కెర్నల్ మాత్రమే. దాని చుట్టూ మిగతావన్నీ చేర్చి, కట్ట కట్టి ఇచ్చేదాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటాం. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ ఒకటి. అది పూర్తిగా వాలంటీర్లది. దానికి యజమాని లేడు, వాటాదార్లు లేరు. రెడ్‌హ్యాట్ ఇంకొకటి, అది కంపెనీ. సుసె మరొకటి, అదీ కంపెనీయే.

వీటి మధ్య తేడా పైకి చిన్నదే, కానీ డేటాబేస్‌కి పెద్దది. ఉదాహరణకి జీలిబ్‌సీ అని ఒక లైబ్రరీ ఉంటుంది. లినక్స్‌లో నడిచే దాదాపు ప్రతి ప్రోగ్రామూ దాని మీద ఆధారపడాల్సిందే. ఒరాకిల్ 8.0.5ని జీలిబ్‌సీ 2.0 మీద కట్టారు. రెడ్‌హ్యాట్ 6.0 వచ్చేసరికి అది 2.1కి మారింది. పాత ఒరాకిల్ కొత్త రెడ్‌హ్యాట్ మీద మొరాయించింది, ప్యాచ్ వేస్తే గానీ దారికి రాలేదు. ఒకే కంపెనీ లినక్స్‌లో ఒక మెట్టు మారితేనే ఇంత గొడవైతే, పది రకాల లినక్స్‌ల మీద పరీక్ష చేయడం ఎవరి తరం? అందుకే కంపెనీలు ఒక జాబితా రాసుకున్నాయి. ఫలానా డిస్ట్రిబ్యూషన్, ఫలానా వెర్షన్, దాని మీద మేం పరీక్ష చేశాం, దానికే పూచీ. దీన్నే సర్టిఫికేషన్ అంటారు. నీలం ట్యాగు అన్నమాట.

మరి డెబియన్‌కి ఆ ట్యాగు ఎందుకు రాలేదు? నాసిరకమా? కానే కాదు. డెబియన్ స్టేబుల్ అంటే కదలని రాయి లాంటిది. అసలు సమస్యలు రెండు. మొదటిది, టైము. డెబియన్ 3.0 వచ్చింది 2002 జులైలో. తర్వాతి 3.1 వచ్చేసరికి 2005 జూన్. మూడేళ్లు. సిద్ధమైనప్పుడే విడుదల అనేది వాళ్ల పద్ధతి. అందులో గౌరవించాల్సింది ఉంది. కానీ వచ్చే ఐదేళ్ల ప్లాను గీసుకునే బ్యాంకుకి, ఆ బ్యాంకుకి డేటాబేస్ అమ్మే కంపెనీకి అది కుదరదు. రెండోది, ఫోను. రాత్రి రెండింటికి కెర్నల్‌లో బగ్ దొరికిందనుకోండి. రెడ్‌హ్యాట్ అయితే డేటాబేస్ కంపెనీ ఇంజినీరు అవతల ఇంజినీరుకి ఫోన్ చేస్తాడు, ఇద్దరి మధ్యా ఒప్పందం ఉంది. డెబియన్‌లో ఎవరికి చేస్తాడు? అక్కడ గొప్ప గొప్ప ఇంజినీర్లు ఉన్నారు, కానీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టే చెయ్యి లేదు.

2002లో రెడ్‌హ్యాట్ అడ్వాన్స్‌డ్ సర్వర్ 2.1 అని తెచ్చింది. తర్వాత దాని పేరే రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ అయింది. నెమ్మదిగా మారుతుంది, ఏళ్ల తరబడి అవే వెర్షన్లు, బాగులు మాత్రం సరిచేస్తూ ఉంటారు. డేటాబేస్ కంపెనీలకి కావాల్సింది సరిగ్గా ఇదే. దాంతో పాటే రెడ్‌హ్యాట్ ఇంకో నిర్ణయం చేసింది. అప్పటిదాకా అందరూ ఉచితంగా వాడుకుంటున్న మామూలు రెడ్‌హ్యాట్ లినక్స్‌ని ఆపేసింది. చివరిదైన 9కి 2004 ఏప్రిల్ 30తో సపోర్ట్ అయిపోయింది. ఎంటర్‌ప్రైజ్ కావాలంటే చందా కట్టాలి.

అప్పుడు ఏమైందో చూడండి. అమెరికాలో లూసియానా రాష్ట్రంలో బోరిగార్డ్ అనే చిన్న ప్రాంతం. అక్కడి పబ్లిక్ లైబ్రరీలో జాన్ మోరిస్ అని ఒకాయన కంప్యూటర్లు చూసుకునేవాడు. లైబ్రరీ సర్వర్లన్నిటికీ చందా కట్టే స్తోమతు లేదు. లైసెన్సు ప్రకారం రెడ్‌హ్యాట్ సోర్స్ కోడ్ బయటే ఉంది. ఆయన దాన్ని తీసుకుని, రెడ్‌హ్యాట్ పేరు, టోపీ బొమ్మ అన్నీ తీసేసి, మళ్లీ కంపైల్ చేసి, వైట్‌బాక్స్ అని పేరు పెట్టాడు. అదే దార్లో 2004లో సెంటాస్ వచ్చింది. సెంటాస్ అంటే కమ్యూనిటీ ఎంటర్‌ప్రైజ్ ఆపరేటింగ్ సిస్టమ్. గుర్తుందా విత్తన చట్టం? పండించుకో, పంచుకో, బ్రాండ్ పేరు మాత్రం వెయ్యకు.

ఆ పేరు గొడవ ఎంత దూరం వెళ్లిందంటే, 2005లో రెడ్‌హ్యాట్ తరఫు లాయర్లు ట్రేడ్‌మార్క్ గురించి ఉత్తరం రాశాక, సెంటాస్ వాళ్లు తమ వెబ్‌సైట్లో రెడ్‌హ్యాట్ అనే మాటే మానేశారు. ఉత్తర అమెరికాకి చెందిన ఒక ప్రముఖ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ సంస్థ అని రాసేవాళ్లు. మా నాయనమ్మ తాతయ్య పేరు చెప్పాల్సొస్తే "మా ఆయన", "అబ్బాయి వాళ్ల నాన్న" అనేది చూడండి, అలాగన్నమాట.

సో, మా టీమ్ లీడ్ మాట కోడ్ విషయంలో నిజమే. గింజ అదే. పూచీ విషయంలో మాత్రం అబద్ధం. ట్యాగు లేదు.

జనం ఏం చేశారు మరి? మనవాళ్లు చేసేదే, సర్దుకుపోయారు. ఇన్‌స్టాలర్ వచ్చి, ఇది రెడ్‌హ్యాటేనా అని ఈటీసీ ఫోల్డర్లో రెడ్‌హ్యాట్-రిలీజ్ అనే చిన్న ఫైలు చదివి చూస్తుంది. ఆ ఫైల్లో ఒక లైను మార్చేస్తే నమ్మేస్తుంది. డెబియన్ వాళ్లయితే ఏలియన్ అనే టూల్‌తో రెడ్‌హ్యాట్ ప్యాకేజీని డెబియన్ ప్యాకేజీగా మార్చుకునేవాళ్లు. ప్రాక్టీసు చేసుకునే ల్యాబ్ మెషీన్లో ఇదేమీ తప్పు కాదు. నేర్చుకునే కుర్రాడు చందా ఎక్కడినుంచి తెస్తాడు? తప్పల్లా ఆ ల్యాబ్ అలవాటుని నాలుగు వందల మంది జీతాల సర్వర్‌కి పట్టుకెళ్లడంలో ఉంది.

కంపెనీల వైపు నుంచి కూడా కొన్ని అడుగులు పడ్డాయి, అవీ చెప్పాలి. ఒరాకిల్ 10జీ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ అని ఒక ఉచిత వెర్షన్ 2005 చివర్లో బీటాగా, 2006లో పూర్తిగా వచ్చింది. దానికి డెబియన్ ప్యాకేజీ కూడా ఇచ్చారు. డెబియన్ వాడేవాళ్లకి అది పండగే. కానీ అందులో డేటా 4 జీబీ దాటకూడదు, మెమరీ 1 జీబీ మించి వాడదు, సపోర్ట్ టికెట్ అనేదే లేదు. అంటే భోజనానికి పిలిచారు కానీ విస్తరి వరండాలో వేశారు. ఆ తర్వాత వచ్చిన 11జీ ఎక్స్‌ప్రెస్‌కి ఆ డెబియన్ ప్యాకేజీ కూడా లేదు.

2006 ఆగస్టులో హెచ్‌పీ తన సర్వర్ల మీద డెబియన్‌కి సపోర్ట్ ఇస్తానని ప్రకటించింది. అది చిన్న సంగతి కాదు. ఒక పెద్ద కంపెనీ మొదటిసారి డెబియన్ తరఫున ఫోన్ ఎత్తుతానంది. అయితే మెషీన్ కంపెనీ ఒప్పుకున్నంత మాత్రాన పైనున్న డేటాబేస్ కంపెనీ ఒప్పుకోవాలని లేదు.

అదే ఏడాది అక్టోబర్‌లో ఒరాకిల్ ఇంకో ఎత్తు వేసింది. సెంటాస్ వాళ్లు చేసిన పనే తనూ చేసింది. రెడ్‌హ్యాట్ సోర్స్ తీసుకుని, పేర్లు తీసేసి, తన సొంత లినక్స్ విడుదల చేసింది. డౌన్‌లోడ్ ఉచితం, సపోర్ట్ కావాలంటే డబ్బు. చూశారా తమాషా? వాలంటీర్లు తిరిగి కట్టిన రెడ్‌హ్యాట్ జాబితాలో ఉండదు, ఒరాకిల్ తిరిగి కట్టిన రెడ్‌హ్యాట్ జాబితాలో మొదటి పేరు. తేడా కోడ్‌లో లేదు. వెనక సంతకం ఎవరిది అన్న దాంట్లోనే ఉంది.

తర్వాత ఉబుంటు కథ చూసినా అదే తేలుతుంది. ఉబుంటు డెబియన్ మీద కట్టిందే. కానీ వెనక కెనానికల్ అనే కంపెనీ ఉంది, రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో ఎల్‌టీఎస్ వస్తుందని ముందే తెలుసు. అందుకని ఐబీఎం డీబీ2 ఉబుంటుని ఒప్పుకుంది. 2017లో మైక్రోసాఫ్ట్ తన ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని లినక్స్ మీదకి తెచ్చినప్పుడు జాబితాలో రెడ్‌హ్యాట్, సుసె, ఉబుంటు ఉన్నాయి. తల్లి డెబియన్ లేదు. కూతురుకి కార్డు వచ్చింది, తల్లికి రాలేదు.

మన దేశంలో ఈ విషయం వేరే రకంగా ముఖ్యం. 2005లో హైదరాబాద్‌లో స్వేచ్ఛ మొదలైంది. కంప్యూటర్ తెలుగులో కనపడాలి, దాని కోడ్ మన చేతిలో ఉండాలి అని వాలంటీర్లు తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు. పిల్లల కోసం బాల స్వేచ్ఛ, ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం ఈ-స్వేచ్ఛ అని కూడా తెచ్చారు. నేను మొదటిసారి "సెట్టింగులు" అన్న మాటకి బదులు తెలుగులో "అమరికలు" అని తెర మీద చూసింది ఇంజినీరింగ్‌లో, అలాంటి ఒక ఇన్‌స్టాల్ ఫెస్ట్‌లోనే. ఒళ్లు జలదరించింది, నిజం చెప్తున్నాను. 2007లో చెన్నై సీడాక్ డెబియన్ ఆధారంగా బాస్ లినక్స్ విడుదల చేసింది. 2015లో కేంద్ర ప్రభుత్వం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కే మొదటి చోటు ఇవ్వాలని పాలసీ తెచ్చింది. అంతా బానే ఉంది. కానీ బల్ల మీది కంప్యూటర్ మనదైనా, వెనక గదిలో సర్వర్‌కి ట్యాగు ఉన్న లినక్సే కావాలంటే, మన స్వేచ్ఛ గుమ్మం దాకానే వచ్చినట్టు.

ఇప్పుడు సెంటాస్ చివరి అంకం. 2014 జనవరిలో సెంటాస్ రెడ్‌హ్యాట్ నీడలోకే వెళ్లింది. 2019 జులైలో ఐబీఎం రెడ్‌హ్యాట్‌ని 3,400 కోట్ల డాలర్లకి కొనడం పూర్తయింది. 2020 డిసెంబర్ 8న ఒక ప్రకటన వచ్చింది. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటాస్ 8, 2021 చివరికే ఆగిపోతుందని. ఆ రోజు నేను కోవిడ్ పుణ్యమా అని ఈ నిడదవోల్లోనే ఉండి వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్నాను. మా టీమ్ చూసే సర్వర్ల లిస్టు తీస్తే సగానికి సగం సెంటాస్. పాలేరుని నమ్ముకుని చెరువు గట్టు వదిలేసినట్టుంది మా పని.

జనం మళ్లీ లేచారు. 2021లోనే ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ రెండూ వచ్చాయి. రాకీ అనేది చనిపోయిన ఒక సెంటాస్ సహ వ్యవస్థాపకుడు రాకీ మెక్‌గా పేరు. తోటివాళ్లు ఆయన్ని అలా గుర్తుపెట్టుకున్నారు. అయినా ఒరాకిల్ డేటాబేస్ 19సీ జాబితా తీసి చూడండి, లినక్స్‌లో ఒరాకిల్ లినక్స్, రెడ్‌హ్యాట్, సుసె. అంతే. పేర్లు మారాయి, ట్యాగు విషయం మారలేదు.

అయితే దారి లేదా? ఉందండి, కాకపోతే మనం చూస్తున్న వైపు కాదు. డేటాబేస్ కంపెనీని బతిమాలి జనం లినక్స్‌కి తేవాలని అందరూ చూశారు. ఈలోగా డేటాబేసే జనానిదైంది. 1986లో బర్క్‌లీ యూనివర్సిటీలో మొదలైన పోస్ట్‌గ్రెస్, 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని పేరు మార్చుకుని, వాలంటీర్ల చేతుల్లో పెరిగింది. దానికీ యజమాని లేడు. కాబట్టి సపోర్ట్ అమ్మాలనుకున్న కంపెనీ ఎవరైనా సరే, కస్టమర్ ఎక్కడుంటే అక్కడికే వెళ్లాలి. ఎంటర్‌ప్రైజ్‌డీబీ అనే కంపెనీ పోస్ట్‌గ్రెస్‌కి డబ్బు తీసుకుని సపోర్ట్ ఇస్తుంది, దాని జాబితాలో డెబియన్ ఉంది. ఇంకా విచిత్రం, ఒరాకిల్ చేతిలోనే ఉన్న మైఎస్‌క్యూఎల్‌కి కూడా డెబియన్ జాబితాలో ఉంది. ఒకే కంపెనీ, ఒక డేటాబేస్‌కి డెబియన్ పనికిరాదు, ఇంకో డేటాబేస్‌కి పనికొస్తుంది. దీన్నిబట్టి డెబియన్‌లో లోపం ఏమీ లేదని అర్థమవుతోంది కదా. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లు ముందునుంచీ డెబియన్ మీదే ఉన్నారు, కాదంటే కస్టమర్ పోతాడు. డెబియన్ వాళ్లు కూడా ఊరికే లేరు. 2014 నుంచి ఎల్‌టీఎస్ పెట్టి ఒక్కో రిలీజుకి మొత్తం ఐదేళ్ల దాకా భద్రతా ప్యాచులు అందేలా చూస్తున్నారు.

సరే, మన 2019 కథకి వద్దాం. సపోర్ట్ దొరకలేదు. మేం చందా ఉన్న కొత్త మెషీన్ ఒకటి తెప్పించి, ముందు రోజు రాత్రి బ్యాకప్, దాని తర్వాతి లాగులు దాని మీదకి ఎక్కించాం. నాకా పని అంతకుముందు చేతులతో చేసిన అనుభవం లేదు. డల్లాస్ అన్నయ్య రాత్రంతా ఫోన్లో ఉండి ఒక్కో కమాండ్ చెప్పాడు. మూడో రోజు సాయంత్రానికి లేచింది. అసలు తప్పు ఎక్కడుందో తెలుసా? డిస్కుల్ని చూసుకునే రెయిడ్ కార్డులో బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయిన క్షణంలో డిస్కు దాకా చేరాల్సిన డేటా గాల్లో కలిసింది. సెంటాస్ తప్పు కాదు, డేటాబేస్ తప్పూ కాదు. రెడ్‌హ్యాట్ ఉన్నా ఆ బ్యాటరీ చచ్చేది. కాకపోతే అవతల ఒక అనుభవం ఉన్న మనిషి మనతో కూర్చునేవాడు, మూడు రోజులు ఒక రోజయ్యేది.

రెండో రోజు నేను ఆ ఫ్యాక్టరీలోనే ఉన్నాను. మధ్యాహ్నం క్యాంటీన్‌లో భోజనం చేస్తుంటే, మా అమ్మ వయసున్న ఒకావిడ వచ్చింది. మెడలో ఐడీ కార్డు చూసి, "బాబూ, కంప్యూటరు బాగు చేసేది మీరేనా? జీతాలు రేపైనా పడతాయా? చిట్టీ కట్టాలి" అంది. పడతాయమ్మా అన్నాను. పడతాయో లేదో నాకు తెలియదు. టికెట్‌లో ఒక అబద్ధం, ఈవిడతో ఇంకో అబద్ధం. మొదటిదానికి రెండోది వడ్డీ.

ఆ తర్వాత నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఏ సర్వర్ చేతికొచ్చినా ముందు సర్టిఫికేషన్ జాబితా తెరిచి, మనం ఏ గడిలో ఉన్నామో, ఏ గడిలోనూ లేమో క్లయింట్‌కి కాగితం మీద రాసిచ్చేస్తాను. ఉచిత లినక్స్ వాడాలంటే వాడండి, నేనూ వాడతాను, ఈ వీడియో ఎడిట్ చేసేది కూడా డెబియన్ మీదే. కానీ పూచీ లేదని తెలిసి వాడండి. బ్యాకప్ తీస్తే చాలదు, ఏడాదికి రెండుసార్లు దాన్ని వేరే మెషీన్ మీదకి ఎక్కించి చూడండి. పూచీ లేని చోట మన పూచీ అదే. టికెట్‌లో మాత్రం ఉన్నదే రాయండి. డాక్టర్ దగ్గర వేరేవాళ్ల రిపోర్టు పెట్టి మందు అడిగితే ఎలా ఉంటుందో, అదీ అంతే.

మొన్న సార్వాకి మా నాన్న రెండు రకాలూ చల్లారు. రెండెకరాలకి ట్యాగు ఉన్న బస్తా, ఎకరానికి పక్క చేను విత్తనం. ఇదేంటి నాన్నా, కిందటిసారి దెబ్బ తిన్నారు కదా అంటే, "ఈసారి చల్లకముందే గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూశాను రా. నూటికి తొంభై వచ్చాయి" అన్నారు. బస్తా నీలం ట్యాగులు, బిల్లు మాత్రం ఎప్పట్లాగే క్యాలెండర్ వెనక మేకుకి గుచ్చి ఉన్నాయి. కోతలయ్యేదాకా అవి అక్కడే ఉంటాయి.

ఈ ఎపిసోడ్‌కి ఇంతేనండి. వచ్చేసారి కార్డ్ ప్రాజెక్టు గురించి, మన ఊరి రిజిస్ట్రార్ ఆఫీసులోకి కంప్యూటర్ వచ్చిన రోజుల గురించి మాట్లాడుకుందాం.